నత్త విషం నుంచి నొప్పి మందు 2004లోనే వచ్చిందట, మరి మాత్ర ఎందుకు రాలేదు?

మండపేట_అబ్బాయి
అమ్మకి పోయిన వేసవిలో సర్పి వచ్చింది. పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి, నొప్పి మాత్రం పది నెలలైనా వదల్లేదు. కుడి రొమ్ము కింద నుంచి వెన్ను దాకా బెత్తెడు వెడల్పున పట్టీ వేసినట్టు ఒకటే మంట. అరచేత్తో గట్టిగా అదిమితే పర్వాలేదంటుంది, కానీ జాకెట్టు గుడ్డ రాసుకున్నా, ఫ్యాను గాలి తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. రాత్రిళ్ళు నాన్న పాత పంచె మెత్తగా మడిచి జాకెట్టుకీ ఒంటికీ మధ్య పెట్టుకుని, ఎడమ భుజం గోడకి ఆనించి కూర్చునే నిద్రపోతోంది. నరాల నొప్పికి ప్రీగాబలిన్ అనే మాత్ర వాడుతున్నాం. దానికి తూలుతోంది, మొన్న బాత్రూం గడప దగ్గర పడబోయి తలుపు పట్టుకుంది.
నిన్న ఒక వ్యాసంలో జికోనోటైడ్ అనే మందు గురించి చదివాను. సముద్రపు నత్త విషం నుంచి తీసుకున్నారట, మార్ఫిన్ కంటే 1000 రెట్లు బలమట, అలవాటు పడరట. 2004లో అమెరికాలో అనుమతి వచ్చిందట. కానీ వెన్నులోకి పంపు పెట్టి ఎక్కించాలట! ఇరవై ఏళ్ళు దాటింది కదా, ఇంకా దాన్ని మాత్రగానో మామూలు సూదిమందుగానో ఎందుకు చెయ్యలేకపోయారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

నిజం_చెప్తా
చెయ్యలేక కాదు బ్రదర్, చెయ్యాలని లేక. నొప్పి తగ్గిపోతే నెలనెలా మందులు ఎవరు కొంటారు? కథ అంతే.

పెప్టైడ్_పంతులు
పై మాటతో నేను ఒప్పుకోను. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో పెప్టైడ్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను, నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.
జికోనోటైడ్ అంటే 25 అమైనో ఆమ్లాల గొలుసు, ఇలాంటి చిన్న గొలుసునే పెప్టైడ్ అంటారు. అందులో సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఆరు ఉంటాయి, అవి జంటలు జంటలుగా కలిసి మూడు గంధకపు ముళ్ళు వేసుకుంటాయి. ఆరింటిని జంటలు కట్టడానికి 15 దారులున్నాయి, వాటిలో పనికొచ్చేది ఒక్కటే. నత్తకి అది పుట్టుకతో వచ్చిన విద్య. మేము గొలుసు కట్టాక దాన్ని పల్చటి ద్రావణంలో వేసి, ఆమ్లత, ఉప్పు, చలి అన్నీ సరిచూసుకుంటూ సరైన ముడి పడేదాకా కాచుకోవాలి. అప్పుడప్పుడూ ఓ చుక్క తీసి ఎల్మన్ ద్రావకంలో వేస్తాం, పసుపు రంగు తిరిగితే ఇంకా విడి గంధకాలు మిగిలున్నాయని లెక్క. ఆ పసుపు రాకుండా పోయిన రోజు ల్యాబ్‌లో అందరి మొహాలూ వెలుగుతాయి. కానీ పసుపు పోయినంత మాత్రాన ముడి సరైనదని కాదు, తప్పు జంటలు కట్టినా పసుపు పోతుంది. మళ్ళీ కాలమ్ మీద వేసి వేరు చేసుకోవాల్సిందే. చివరికి ఎండబెట్టి తీస్తే సీసా అడుగున దూదిపింజలా చిటికెడు తెల్లటి పొడి, వారం రోజుల కష్టం అది.
ఇక మీ ప్రశ్న. ఈ ముళ్ళ వల్ల అది మామూలు పెప్టైడ్ల కంటే చాలా గట్టిది. అంటే కడుపులో అరిగిపోవడం ఒక్కటే సమస్య కాదు. అది నొప్పి కబురు మోసే నరాల్లోని ఒక కాల్షియం ద్వారాన్ని మూస్తుంది, ఆ చోటు వెన్నుపాములో ఉంది. మెదడుకీ వెన్నుపాముకీ రక్తానికీ మధ్య ఉన్న అడ్డుగోడని ఇంత పెద్ద అణువు దాటలేదు. రక్తంలోకి ఎక్కిస్తే వెన్నుపాముకి చేరదు సరికదా, బీపీ పడిపోతుంది, ఎందుకంటే రక్తనాళాల్ని బిగువుగా ఉంచే నరాల్లో కూడా అదే కాల్షియం ద్వారం ఉంటుంది. అందుకే పంపు.

మండపేట_అబ్బాయి
@పెప్టైడ్_పంతులు ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. అంటే మందు గట్టిదే, దారే లేదన్నమాట.

పెప్టైడ్_పంతులు
సరిగ్గా పట్టుకున్నారు. గట్టిదే కానీ దానికీ ఒక బలహీనత ఉంది. పన్నెండో స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంది, అది గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. పంపులో ఒంటి వేడి మీద వారాల తరబడి ఉండాలి కదా, మెల్లమెల్లగా బలం తగ్గుతుంది. సీసాని ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా పెట్టాలి.

మత్తు_డాక్టర్_బెజవాడ
నేను మత్తు డాక్టర్ని, నొప్పి క్లినిక్ కూడా చూస్తాను. ముందు ఆ 1000 రెట్లు అనే మాట సరిచెయ్యాలి. అది మందు బరువు లెక్క. మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తుందని అర్థం, నొప్పి 1000 రెట్లు తగ్గుతుందని కాదు. రోజుకి 2.4 మైక్రోగ్రాములో, అంతకన్నా తక్కువో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, 19.2 దాటనివ్వరు. మొదటి ట్రయల్స్‌లో గబగబా పెంచేసరికి మనుషులు తికమకపడటం, లేనివి కనపడటం, నడక తప్పడం ఎక్కువగా వచ్చాయి. తర్వాత వారాల మీద మెల్లగా పెంచితే కొంత మెరుగైంది. గతంలో తీవ్రమైన మానసిక జబ్బు, అంటే సైకోసిస్, వచ్చినవాళ్ళకి అసలు ఇవ్వకూడదు.
మంచి సంగతులూ ఉన్నాయి. ఇది ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ జాతి మందు, కాదు. ఊపిరి తగ్గించదు, రోజులు గడిచేకొద్దీ డోసు పెంచుకుంటూ పోవాల్సిన అవసరం రాదు, ఉన్నట్టుండి ఆపేసినా మార్ఫిన్ మానేసినప్పటిలా అల్లాడిపోరు. వేరే ఏ మందుకీ లొంగని తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్ళకి, అదీ పంపు పెట్టించుకోగలిగితేనే.
ఇంకో మాట. మీ అమ్మగారు వాడుతున్న ప్రీగాబలిన్ కూడా కాల్షియం ద్వారాల మీదే పనిచేస్తుంది. జికోనోటైడ్ ద్వారానికి నేరుగా బిరడా వేస్తుంది, ప్రీగాబలిన్ ఆ ద్వారానికి పక్కన ఆనుకుని ఉండే ఆల్ఫా-2-డెల్టా అనే ముక్కని పట్టుకుంటుంది. కాబట్టి ఎక్కడో సముద్రంలో ఉన్న వింత మందు కాదు ఇది, అదే వీధిలో ఇంకో ఇల్లు.
తూలడం గురించి మీ డాక్టరుకి వెంటనే చెప్పండి. కిడ్నీ పరీక్ష చేసి డోసు సరిచూస్తారు. చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ పట్టీ గురించి కూడా అడగండి, పుండ్లు పూర్తిగా మానిన చర్మం మీద 12 గంటలు ఉంచి 12 గంటలు తీసేయాలి.

హ్యూస్టన్_నర్సమ్మ
డాక్టర్ గారు చెప్పినవన్నీ నా కళ్ళతో చూశాను. ఇక్కడ మా వార్డులో ఒకాయన, కేన్సర్ వెన్నెముకకి పాకినవాడు. పొట్ట చర్మం కింద గుండ్రటి లోహపు డబ్బా, అరచేతిలో పట్టేంత, దాన్నుంచి సన్నటి గొట్టం లోపలే వెన్నులోకి. కొన్ని వారాలకోసారి చర్మం మీద తడిమి డబ్బా మధ్యలో మెత్తటి బిరడా ఎక్కడుందో చూసుకుని సూది గుచ్చి మందు నింపేవాళ్ళం. మొదటి నెల ఆయన బాగా నిద్రపోయాడు, వాళ్ళావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. డోసు పెంచాక దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని తీసి పారేయమనేవాడు. చీమలేవీ లేవు. ఆపేశాక కొద్ది రోజుల్లో మళ్ళీ మామూలు మనిషయ్యాడు, నొప్పి కూడా మామూలుగానే తిరిగొచ్చింది. తమ్ముడూ, మీ అమ్మగారికి ఇది మొదటి మందు కాదు, పదో మందు కూడా కాకపోవచ్చు. కంగారు పడకండి.

నిజం_చెప్తా
సరే, పంపు సంగతి అర్థమైంది. అయినా నా ప్రశ్న నాదే. ఒక్క నత్తలో ఒక్క విషమే ఉందా? మిగతావాటి సంగతేంటి?

డిగ్రీ_లెక్చరర్
మంచి ప్రశ్న అడిగారు. ఒక్కో కోన్ నత్త విషంలో వందకి పైగా పెప్టైడ్లు ఉంటాయి. జాతులు వందల్లో ఉన్నాయి. ఇదంతా బయటపెట్టినాయన బాల్డొమెరో ఒలివెరా, ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త. అమెరికాలో చదువుకుని వాళ్ళ దేశం వెళితే ల్యాబ్‌లో ఖరీదైన పరికరాలు లేవు, చేతికి దొరికేవి సముద్రపు నత్తలు. మనుషుల్ని చంపే నత్త అని చిన్నప్పటి నుంచీ తెలిసిందే కాబట్టి దాని మీద పడ్డాడు. తర్వాత యూటా విశ్వవిద్యాలయానికి మారాడు. అక్కడ క్రెయిగ్ క్లార్క్ అనే విద్యార్థి, విషాన్ని కడుపులోకి కాక నేరుగా ఎలుక మెదడులోకి ఎక్కించి చూద్దామన్నాడు. అంతే, ఒక భాగం ఇస్తే ఎలుక నిద్రపోయింది, ఇంకోటి ఇస్తే వణికింది, మరొకటి ఇస్తే గోడలెక్కింది. వణికించే రకాన్నే కోనస్ మేగస్ అనే కోన్ నత్త నుంచి వేరుచేసింది మైకెల్ మెకింతోష్, అప్పటికి హైస్కూలు దాటి కాలేజీలో అడుగుపెట్టిన కుర్రాడు! అదే జికోనోటైడ్ అయింది. మా పిల్లలకి ఈ కథ ప్రతి ఏడాదీ చెప్తాను, ప్రతిసారీ వెనక బెంచీల వాళ్ళు కూడా తలెత్తి వింటారు.
మన దగ్గరా పని జరిగింది. బెంగళూరు ఐఐఎస్సీలో పి. బలరాం గారు, ముంబై టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ నుంచి కె.ఎస్. కృష్ణన్ గారు మన తీరం నత్తల పెప్టైడ్ల మీద చాలా ఏళ్ళు పనిచేశారు.

భీమిలి_వల
నత్తల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మా నాన్న బోటు మీద వెళ్ళేవాడు. వలలో శంకువులాంటి నత్తలు పడితే, గోధుమరంగు గీతలవి, చేత్తో ముట్టనిచ్చేవాడు కాదు, కర్రతో తోసి నీళ్ళలో పడేసేవాడు. అందంగా ఉందని పిల్లలు జేబులో వేసుకుంటారు, ప్రాణంతో ఉంటే గుడ్డలోంచి కూడా గుచ్చగలదు. దానికి విరుగుడు మందు లేదు. బీచ్‌లో అమ్మే ఖాళీ గుల్లలతో భయం లేదు.

ఖమ్మం_పద్మ
నాకొక సందేహం. ఈ మధ్య బరువు తగ్గడానికి వారానికో సూది వేసుకుంటున్నారు కదా, అది కూడా పెప్టైడే అంటున్నారు. అలాగే దీన్ని కూడా వారానికోసారి చేస్తే?

పెప్టైడ్_పంతులు
పద్మ గారూ, సూటిగా పాయింటుకి వచ్చారు. ఆ మందుల చరిత్రలోనూ విషమే ఉంది. జీఎల్‌పీ-1 అని మన పేగు తయారుచేసే హార్మోను ఒకటుంది, ఒంట్లో రెండు నిమిషాల్లో ముక్కలైపోతుంది. గిలా మాన్‌స్టర్ అనే అమెరికా బల్లి నోటి విషంలో అలాంటిదే ఇంకోటి దొరికింది, ఎక్సెండిన్-4. తేడాలు చాలానే ఉన్నాయి, ముఖ్యమైనదేంటంటే, రెండో స్థానంలో అలనిన్‌కి బదులు గ్లైసిన్ ఉంది. మన ఎంజైమ్ కత్తిరించేది సరిగ్గా అక్కడే కాబట్టి కత్తి పడదు. ఇలాంటి మార్పులతో నిమిషాలు గంటలయ్యాయి. దాన్నుంచే 2005లో ఎక్సెనటైడ్ వచ్చింది, రోజుకి రెండు సూదులు. తర్వాత మనిషి హార్మోన్నే తీసుకుని రెండో స్థానం మార్చి, కొవ్వు ఆమ్లపు తోక తగిలించి సెమాగ్లుటైడ్ చేశారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్‌ని పట్టుకుని వేలాడుతుంది, కిడ్నీ వడపోత నుంచి జారిపోదు. అందుకే వారానికోటి.
నొప్పి మందుకీ ఆ తోక తగిలించొచ్చు, కొందరు ప్రయత్నిస్తున్నారు కూడా. కానీ ఆ తోక వల్ల రక్తంలో ఎక్కువసేపు ఉంటుందే గానీ వెన్నుపాము గోడ దాటదు. కాబట్టి గోడ బయట ఉన్న నరాల మీద పనిచేసే విషాన్ని ఎంచుకోవాలి.

బ్రిస్బేన్_బావ
అక్కడే మా ఊరు వస్తుంది! క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పెప్టైడ్ల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, పంతులు గారికి తోడుగా రెండు కథలు.
మొదటిది Vc1.1 అనే నత్త పెప్టైడ్, 16 అమైనో ఆమ్లాలు, రెండు ముళ్ళు. ఎలుకల్లో నరాల నొప్పి బాగా తగ్గించింది. మనుషుల మీద ట్రయల్ దాకా వెళ్ళి 2007లో ఆగిపోయింది. ఎలుక రిసెప్టర్ మీద, అంటే కణం మీద మందు అతుక్కునే చోట, గట్టిగా పనిచేసింది, మనిషి రిసెప్టర్ మీద చాలా బలహీనం. అంత దూరం వెళ్ళాక తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ తర్వాత డేవిడ్ క్రెయిక్ బృందం దాని రెండు కొసల్నీ చిన్న లింకుతో కలిపేసి ఉంగరం చేసింది. జీర్ణరసాల్లో కొన్ని గొలుసుని కొసల నుంచి కొరుకుతాయి, కొసే లేకపోతే వాటికి పట్టు దొరకదు. నోటి ద్వారా ఇచ్చినా ఎలుకల్లో నొప్పి తగ్గిందని 2010లో ప్రచురించారు.
ఈ ఉంగరం ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 1960ల్లో కాంగోలో పనిచేసిన లోరెంట్స్ గ్రాన్ అనే నార్వే డాక్టరు, అక్కడి ఆడవాళ్ళు కాన్పు తొందరగా అవ్వాలని ఒక మొక్క కషాయం తాగడం చూశాడు. అందులో పనిచేసేది 29 అమైనో ఆమ్లాల పెప్టైడ్. మరిగించినా చెడలేదు, తాగితే పనిచేసింది! పెప్టైడ్‌ని వేడినీళ్ళలో మరిగించి తాగడమేంటని అందరికీ ఆశ్చర్యం. 1995లో క్రెయిక్ వాళ్ళు నిర్మాణం చూస్తే, అది కొసలు కలిసిన వలయం, మధ్యలో మూడు గంధకపు ముళ్ళు. మన అమ్మమ్మల కషాయాలంటే నాకు గౌరవం ఎందుకో ఇప్పుడర్థమైందా.

నిజం_చెప్తా
అంటే 2010 నుంచి కూడా ఎలుకల్లోనే ఉందన్నమాట.

బ్రిస్బేన్_బావ
అవునన్నా, అందులో దాచేదేం లేదు. ఇంకోటి Xen2174, వేరే నత్తది. సహజమైన రూపంలో మొదటి అమైనో ఆమ్లం ఆస్పరాజిన్, ద్రావణంలో నిలవదు. అక్కడ పైరోగ్లుటమేట్ పెట్టేసరికి సీసాలో స్థిరంగా ఉంది, మనుషుల ట్రయల్స్‌కీ వెళ్ళింది, మందుగా మాత్రం బయటికి రాలేదు. సీసాలో నిలవడం ఒక పరీక్ష, రక్తంలో నిలవడం రెండోది, చేరాల్సిన చోటికి చేరడం మూడోది, మనిషి ద్వారానికి సరిపడటం నాలుగోది. మూడు పాసై నాలుగోదాంట్లో పోయినా ఇంటికే.

కాశీబుగ్గ_కిరణ్
సాలీడు విషం గురించి ఎవరూ రాయలేదేం? Nav1.7 అని ఎక్కడో చదివాను.

మత్తు_డాక్టర్_బెజవాడ
అది నాకు చాలా దగ్గరి విషయం. ఉత్తర పాకిస్తాన్‌లో వీధుల్లో ప్రదర్శనలిచ్చే ఒక పిల్లాడు ఉండేవాడు, చేతుల్లో కత్తులు గుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు, నొప్పి తెలిసేది కాదు. పద్నాలుగో పుట్టినరోజు రాకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. అలాంటి నొప్పి తెలియని కుటుంబాల జన్యువుల్ని చూసి, SCN9A అనే జన్యువు చెడిపోయిందని 2006లో కనుక్కున్నారు. Nav1.7 అనే సోడియం ద్వారం తయారయ్యేది దాన్నుంచే. అదే జన్యువు అతిగా పనిచేస్తే కాళ్ళూ చేతులూ నిప్పుల్లో పెట్టినట్టు మండే జబ్బు. ఇంత స్పష్టమైన ఆధారం నొప్పి శాస్త్రంలో అరుదు.
టరాన్‌టులా సాలీళ్ళ విషాల్లో ఈ ద్వారాన్ని మూసే పెప్టైడ్లు దొరికాయి, ప్రోటాక్సిన్-2 లాంటివి. గోడ బయటి నరాల్లో ఉంటుంది కాబట్టి పంపు అక్కర్లేదని అందరికీ ఆశ. చిక్కెక్కడంటే కండరానికి Nav1.4, గుండెకి Nav1.5, అన్నీ అన్నదమ్ములే. నొప్పి ద్వారం మూస్తూ గుండె ద్వారం కూడా మూస్తే ప్రాణానికే ముప్పు. పెప్టైడ్ కాని చిన్న అణువులతో Nav1.7 మీద చేసిన ట్రయల్స్ కూడా నిరాశపరిచాయి.
పక్కింటి ద్వారం Nav1.8 మీద మాత్రం సుజెట్రిజిన్ అనే మాత్రకి 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. అది విషం నుంచి వచ్చింది కాదు, పైగా అనుమతి కూడా ఆపరేషన్ తర్వాతి లాంటి తాత్కాలిక నొప్పికే. నరాల నొప్పికి ఇంకా పరీక్షిస్తున్నారు.

తెనాలి_రమణ
ఇదంతా చదివాక ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మా నాన్నకి షుగరు, అరికాళ్ళ మంటలు. ఒకాయన ఇంటికొచ్చి నాగుపాము విషంతో చేసిన నూనె అని చెప్పి సీసా అంటగట్టాడు, సముద్రపు నత్త విషానికి విదేశాల్లో అనుమతి ఉంది, ఇదీ అలాంటిదే అన్నాడు. నాన్నకి పాదాల్లో స్పర్శ లేదు కదా, నూనె రాసి గుడ్డ కట్టి పడుకున్నాడు. పొద్దున్నే చూస్తే మడమ మీద కోడిగుడ్డంత బొబ్బ. మానడానికి నాలుగు నెలలు పట్టింది, కాలు తీసెయ్యాల్సి వస్తుందేమో అని అందరం టెన్షన్ పడ్డాం. ఎవరైనా విషం మందు అని చేతికిస్తే దయచేసి రాయకండి. పైన పంతులు గారు ఒక్క ముడి సరిచూడటానికి వారం పడుతుందని రాశారు, ఆ నూనెలో ఏముందో అమ్మినవాడికే తెలీదు.

హ్యూస్టన్_నర్సమ్మ
రమణ గారూ, నాన్నగారి పాదాలు రోజూ రాత్రి మీరే కళ్ళతో చూడండి, ఆయనకి కనపడదు, తెలియదు.

ఖమ్మం_పద్మ
మా ఊళ్ళో సర్పి వస్తే జాజు పూసి దాని మీద పాము బొమ్మ గీసేవాళ్ళు. తలా తోకా కలిస్తే మనిషి బతకడని భయపెట్టేవాళ్ళు కూడా. మా పెద్దమ్మ ఆ భయంతోనే పది రోజులు అన్నం మానేసింది. మొదటి మూడు రోజుల్లోపు డాక్టరు దగ్గరికి వెళ్ళుంటే యాంటీవైరల్ మాత్రలు ఇచ్చేవారట, ఆలస్యమైంది.

మత్తు_డాక్టర్_బెజవాడ
పద్మ గారి మాట అందరూ గుర్తుపెట్టుకోండి, 72 గంటలు. ఇంట్లో యాభై దాటినవాళ్ళుంటే సర్పికి టీకా కూడా ఉంది, 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలలు. ఖరీదెక్కువే. కానీ వచ్చిన నొప్పిని తగ్గించడం కంటే రాకుండా చూసుకోవడం ఎంత తేలికో నా ఓపీలో కూర్చుంటే తెలుస్తుంది.

పెప్టైడ్_పంతులు
మా వైపు నుంచి చివరగా ఒకటి. మన హైదరాబాద్‌లో ఇప్పుడు పెప్టైడ్లు కిలోల లెక్కన తయారుచేసే చోట్లున్నాయి. పదేళ్ళ క్రితం ఇది ఊహించలేదు. ముడి సరిగ్గా వెయ్యడం నేర్చిన చేతులు ఇక్కడే ఉన్నాయి. గుండెని ముట్టకుండా నొప్పి నరాన్నే పట్టుకునే పెప్టైడ్ ఎవరైనా తేల్చిన రోజున, దాన్ని తయారుచెయ్యడం మాకు కష్టం కాదు. నేను రిటైరయ్యేలోపు అలాంటి బ్యాచ్ ఒక్కటి చేతులమీదుగా వెళ్ళాలని గట్టి కోరిక.

మండపేట_అబ్బాయి
అందరికీ పేరుపేరునా రాయలేకపోతున్నాను. సోమవారం అమ్మని తీసుకెళ్ళాం. కిడ్నీ పరీక్ష చేయించి ప్రీగాబలిన్ తగ్గించారు, రాత్రికి తక్కువ డోసు నార్‌ట్రిప్టిలిన్ కలిపారు, లిడోకైన్ పట్టీలు రాశారు. నిన్న రాత్రి పట్టీ వేసుకుని ఎడమ పక్కకి తిరిగి మంచం మీద మూడు గంటలు పడుకుంది. పంచె మాత్రం ఇంకా వదల్లేదు. నాన్నకి 61, టీకా గురించి అడిగాను, వచ్చే వారం రమ్మన్నారు.
నర్సమ్మ అక్కా, ఒకటి అడగాలి. పట్టీ అంచు వెన్ను దగ్గర లేచిపోతోంది, కత్తెరతో కత్తిరించి వెయ్యొచ్చా?

హ్యూస్టన్_నర్సమ్మ
వెయ్యొచ్చు తమ్ముడూ, వెనక కాగితం తీయకముందే కత్తిరించు. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే లేవదు. మూడింటికి మించి ఒకేసారి వెయ్యొద్దు, తీసేశాక మడిచి పిల్లలకి అందకుండా పారెయ్యండి.